ఎవరి నంబరు వాళ్ళు చూసుకోకూడదు

యాభై దాటాక నన్ను జనం "అన్నా" అని పిలవడం మొదలుపెట్టారు. పిహెచ్.డి. సీట్ల కోసం ఎంట్రన్సు రాసి, ఇంటర్వ్యూలకు వెళ్ళొచ్చి, సెలక్షన్ లిస్టు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్న వాళ్ళంతా చేరిన ఆన్‌లైన్ గ్రూపు అది. అందులో నా ఫొటో లేదు. పేరు ఉండాల్సిన చోట ఒక్క అక్షరం ఉంది. నేను ఎక్కువ మాట్లాడను, మాట్లాడితే కాస్త పెడసరంగా మాట్లాడతాను. ఆ రెండూ కలిపి నన్ను మగవాడిగా తేల్చేశారు. "అన్నా, లిస్టు ఎప్పుడొస్తదే?" అని అడిగేవారు. నేను దిద్దలేదు. నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి "మేడమ్", అపార్ట్‌మెంట్‌లో "ఆంటీ", ఇంట్లో అత్తగారికి "అమ్మాయ్" అయిన మనిషికి "అన్నా" అనిపించుకోవడం ఎంత హాయిగా ఉంటుందో అనిపించుకున్న వాళ్ళకే తెలుస్తుంది.

మా ఇల్లు చిక్కడపల్లిలో. మామగారు కోస్తా నుంచి గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన పోయారు కానీ అత్తగారు ఉన్నారు, ఎనభై దాటినా మాట పదును తగ్గలేదు. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు చరిత్ర చెబుతాను. పిహెచ్.డి. చేయాలన్న కోరిక ఎమ్మే అయిననాటిది. పిల్లలు పెద్దవాళ్ళవనీ అనుకున్నాను, అత్తగారి మోకాళ్ళ ఆపరేషను కానీ అనుకున్నాను, అన్నీ అయ్యాయి. ఒకరోజు సిలబస్ మారింది, మళ్ళీ మొదటి పాఠం నుంచి నోట్సు రాసుకోవాలి. ఆ నోట్సు రాస్తూ రాస్తూ పెన్ను పక్కన పెట్టి, ఎంట్రన్సుకు దరఖాస్తు పెట్టాను.

నేను ఎంచుకున్న విషయం నీళ్ళు. ముషీరాబాద్, చిక్కడపల్లి పేటల్లోకి కుళాయి నీళ్ళు ఎలా వచ్చాయి, ఎవరి గుమ్మం దాకా వచ్చి ఆగాయి, ఎవరు బిందె పట్టుకుని ఎవరి గుమ్మం ముందు నిలబడ్డారు, ఇదీ నా ప్రతిపాదన. ఎంట్రన్సులో మంచి మార్కులే వచ్చాయి. ఇంటర్వ్యూ మాత్రం చేదుగా జరిగింది. బల్లకు అవతల కూర్చున్న వాళ్ళలో ఒకాయన నా కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీసి, "ఈ వయసులో ఇదంతా ఎందుకమ్మా?" అన్నాడు. ఏదో జవాబు చెప్పాను. తర్వాత ఇంకేవో అడిగారు, వాటికీ చెప్పాను. కానీ నా ఒళ్ళంతా ఆ మొదటి ప్రశ్న దగ్గరే మండిపోతోంది. బయటికొచ్చాక కూడా ఆ మంట చల్లారలేదు, వరండాలో ఎవరో అడిగితే కాస్త గట్టిగానే మాట్లాడాను.

ఆ తర్వాత మొదలైంది నిరీక్షణ. అది ఒక్కటే అయితే భరించేదాన్నే. సరిగ్గా అప్పుడే మా ప్రిన్సిపాల్ గారు పిలిచి, వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఖాళీ అవుతోంది, మిమ్మల్నే అనుకుంటున్నాం అన్నారు. ఆ కుర్చీలో కూర్చుంటే పరీక్షలు, అడ్మిషన్లు, తల్లిదండ్రుల తగాదాలు అన్నీ మన నెత్తినే. సెలవు పెట్టి చదువుకుంటానంటే కుదరదు. కాదంటే నాకంటే చిన్నావిడ ఒకరున్నారు, ఆవిడకు ఇస్తారు, రిటైరయ్యేదాకా ఇక నాకు ఆ కుర్చీ రాదు. వచ్చే నెల ఆఖరి శనివారం లోపల చెప్పండి అన్నారు. సరేనండి అని వచ్చేశాను. చెప్పాల్సింది చెప్పలేదు.

గ్రూపు నిండా పుకార్లు. లిస్టు తయారైపోయింది, సంతకం ఒక్కటే బాకీ అని ఒకరు. సైటు నెమ్మదిగా తెరుచుకుంటోందంటే లిస్టు ఎక్కిస్తున్నట్టే అని మరొకరు. ఒకతని బావమరిది యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తాడు, ఈ నెలలో రాదని చెప్పాడట. ఇంకొకరు రేపు అమావాస్య, పెట్టరు అని తీర్పు చెప్పారు. మసకబారిన స్క్రీన్‌షాట్ ఒకటి వారానికోసారి కొత్తగా పుట్టేది. పాఠం చెబుతూ నేను పిల్లలకు ఆధారం, మూలం, సాక్ష్యం అని పెద్ద పెద్ద మాటలు చెబుతాను కదా, ఇంటర్వెల్‌లో ఆ స్క్రీన్‌షాట్‌ను వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసి చూసేదాన్ని.

ఇలా రోజూ నేను ఫోను చూసి మొహం మాడ్చుకోవడం అత్తగారు గమనించారు. ఏమిటని అడిగితే చెప్పాను. ఆవిడ నవ్వి, వాటాల ఇంట్లో ఉన్న రోజుల సంగతి ఎత్తారు. ఒక కాంపౌండు, చుట్టూ అద్దెకున్న కాపరాలు, మధ్యలో ఒకే కుళాయి. రోజూ ఎవరో ఒకరు "రేపు నీళ్ళు రావట" అని పుట్టించేవారట. నమ్మితే గిన్నెలూ చెంబులూ అన్నీ నింపుకుని తిప్పలు, నమ్మకపోతే మర్నాడు ఎండిన కుళాయి.

"నేను మాత్రం ఎవరి మాటా వినేదాన్ని కాదే" అన్నారు అత్తగారు. "నీళ్ళు రావన్న మనిషి వాకిట్లోకి తొంగిచూసేదాన్ని. దాని బిందెలు నిండి ఉంటే నేనూ నింపేదాన్ని. ఖాళీగా ఉంటే ఇంటికొచ్చి పడుకునేదాన్ని."

కుళాయి నీళ్ళ మీద నేను రాసుకున్న పదిహేను పేజీల ప్రతిపాదనలో ఇంత పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఆ రోజు నుంచి గ్రూపును అదే తూకంతో తూచడం మొదలుపెట్టాను. లిస్టు ఈ నెలలో రాదన్న మనిషి గంటకోసారి "ఏమన్నా అప్‌డేటా?" అని అడుగుతున్నాడు, అంటే బిందె ఖాళీ. అంతా అయిపోయింది, నేను వేరే చోట చేరిపోతున్నా అన్నమ్మాయి చేరినట్టు ఫొటో పెట్టింది, ఆమెది మాత్రం నిండిన బిందె, కానీ అది ఆమె ఇంటి సంగతి, నాకు సంబంధం లేదు. కొన్నాళ్ళు ప్రశాంతంగానే గడిచింది.

తర్వాత వచ్చింది అసలుది. గ్రూపులో గట్టి గొంతు ఉన్న కుర్రాడు ఒకడున్నాడు, ఏం రాసినా పక్కా అని మొదలుపెడతాడు. ఒక ఉదయం ఇలా రాశాడు: "పక్కా న్యూస్. నలభై దాటినోళ్ళను ఇంటర్వ్యూలనే పక్కకు పెట్టిన్రంట. ఏజ్ ఎక్కువున్నోళ్ళు ఆశ వదులుకోన్రి. నేనైతే మొత్తానికే వదిలేసిన." దాని కింద ఏడుపు బొమ్మలు వరుసగా పడ్డాయి. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని ఎవరో వేదాంతం చెప్పారు. పొగ సాంబ్రాణిది కూడా అయి ఉండొచ్చని రాద్దామనుకున్నాను, చేతులు రాలేదు. భయం వేసింది. ఆ కళ్ళజోడు తీసిన మొహమే కళ్ళముందు కదిలింది. పొయ్యి మీద వంకాయ కూర అడుగంటి, వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. భయంతో పాటు లోపల ఎక్కడో కాస్త తేలిక కూడా కలిగింది. ఈ వార్త నిజమైతే వైస్ ప్రిన్సిపాల్ పోస్టుకు సరేననొచ్చు. నేను వెనక్కి తగ్గలేదు, వాళ్ళే నన్ను రానివ్వలేదు అని జీవితాంతం చెప్పుకోవచ్చు. ఆ తేలికే నాకు అనుమానం తెప్పించింది. మనకు అనుకూలంగా ఉన్న పుకారును మరింత గట్టిగా దులిపి చూడమని నా చదువు నాకు నేర్పింది, ఆ కాస్త చదువైనా పనికి రావాలి కదా.

ఆ కుర్రాడికి విడిగా రాశాను, నీకెవరు చెప్పారని. పక్కా సోర్స్ అన్నా, అన్నాడు. ఆ సోర్స్ ఎవరు, తాను కళ్ళారా చూశాడా, ఎవరైనా చెబితే విన్నాడా అని అడిగాను. రెండు రోజులు తిప్పించుకుని, గ్రూపుల వద్దన్నా, కలిస్తే చెప్త, చిక్కడపల్లి లైబ్రరీ కాడ ఉంట అని రాశాడు. ఆ లైబ్రరీ మా ఇంటికి నాలుగు సందుల అవతలే. కూరగాయల సంచీతోనే వెళ్ళాను.

లైబ్రరీ లోపల సీటు దొరకని వాళ్ళు బయట చెట్ల నీడన సొంత కుర్చీలు వేసుకుని చదువుకుంటారు. గ్రూప్ వన్ వాళ్ళు, గ్రూప్ టూ వాళ్ళు, టీచర్ పోస్టుల వాళ్ళు, అందరి ఒళ్ళో అట్టలు, అట్టల మీద లావుపాటి పుస్తకాలు. అతను చెప్పిన గుర్తు నీలం కుర్చీ, దాని మీద తాడుతో కట్టిన దిండు. అక్కడ ఒక సన్నటి కుర్రాడు నా భుజం మీదుగా గేటు వైపు చూస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డాను. పక్కకు జరిగి మళ్ళీ గేటు వైపు చూశాడు. నేనే అన్నాను. ఏంది మేడమ్ అన్నాడు. నువ్వు ఎదురుచూస్తున్న అన్నని నేనే అన్నాను. లేచి నిలబడి, ముందు ఆ దిండును చేత్తో దులిపి, కుర్చీ నా వైపు జరిపాడు.

పక్కనే ఉన్న బండి దగ్గర చాయ్ తీసుకున్నాం. సిద్దిపేట వైపు పల్లెటూరట. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి కొన్నేళ్ళుగా ఉద్యోగ పరీక్షలు రాస్తున్నాడు, నోటిఫికేషన్లు రాక, వచ్చినవి కోర్టుల్లో పడి, చివరికి ఎకనామిక్స్‌లో పిహెచ్.డి.కి కూడా రాశాడు. గ్రూపులో అంత గట్టిగా మాట్లాడే మనిషి, ఎదురుగా చాయ్ గ్లాసులోకి చూస్తూ మాట్లాడాడు. నా గురించీ చెప్పాను, కాలేజీ, పోస్టు, శనివారం గడువు అన్నీ.

ఇంక ఆ సోర్స్ సంగతి చెప్పమన్నాను. ఎకనామిక్స్ ఇంటర్వ్యూ రోజున తన పక్కన కూర్చున్న అమ్మాయి చెప్పిందట. ఆ అమ్మాయికి హిస్టరీ గది ముందు కూర్చున్న స్నేహితురాలు చెప్పిందట. మరి ఆ స్నేహితురాలికి ఎవరు చెప్పారంటే, గొంతు తగ్గించాడు.

"హిస్టరీ రూములకెళ్ళి ఒక పెద్ద మేడమ్ బయటికొచ్చిందట మేడమ్. ఆకుపచ్చ చీర. వీళ్ళు నలభై దాటినోళ్ళను తీసుకోరు, ముందే రాసిపెట్టుకున్నరు అని అందరి ముంగట గట్టిగ అన్నదట. యూనివర్సిటీల పనిచేసే మనిషే అయ్యుంటది. లేకుంటే అంత ధైర్యంగ ఎట్లంటది?"

ఆ ఆకుపచ్చ చీర నాదే. పెళ్ళిరోజుకు కొన్నది, శుభమని కట్టుకెళ్ళాను. వరండాలో పక్కనున్న అమ్మాయి ఎలా జరిగిందండీ అని అడిగితే, ఒళ్ళు మండి నేనన్న మాట అది. నా నోట్లోంచి బయల్దేరి, ముగ్గురి చేతులు మారి, చిలవలు పలవలు అల్లుకుని, పక్కా న్యూసై వచ్చి నా కూర మాడ్చింది. ఆ సంగతి అతనికి చెప్పేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నా చాయ్ సగం సంచీలో ఉన్న తోటకూర మీద పడింది.

నవ్వు అయ్యాక, మరి నువ్వు ఆశ వదిలేశానని రాశావు, నిజంగానే వదిలేశావా అని అడిగాను. రూమ్మేట్లందరూ సర్దుకుని ఊళ్ళకు పోయారనీ, తానొక్కడే హాస్టల్ కిరాయి కడుతూ ఉన్నాడనీ అంతకుముందే అతనే చెప్పాడు. అత్తగారి బిందెల సంగతి చెప్పి, నీ బిందె ఖాళీగా ఉంది నాయనా అన్నాను. అతను మళ్ళీ గ్లాసులోకి చూశాడు.

"ముందుగాలనే పోయిందనుకుంటే, నిజంగ పోయిననాడు జర తక్కువ నొస్తది మేడమ్" అన్నాడు.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. అతని పుకారుకు నేను భయపడ్డాను, దాన్ని పుట్టించింది నా కోపం, దాన్ని ఊరంతా తిప్పింది అతని భయం. పాపం, ఇద్దరిలో ఎవరమూ అబద్ధం చెప్పలేదు. ఇలా అనుకుంటూ ఉండగా అతను తలెత్తి, అశోక్‌నగర్ కుర్రాళ్ళకు సహజమైన ఆ సూటితనంతో అడిగాడు.

"మరి మీ బిందె సంగతేంది మేడమ్? కాలేజీల ఏం చెప్పిన్రు?"

ఏమీ చెప్పలేదు. ఇంట్లో అందరితో నాకు సీటు వస్తుందని ధీమాగా చెబుతూ, కాలేజీలో ఆ కుర్చీ పోకుండా పట్టుకుని కూర్చున్నాను. ఊళ్ళో వాళ్ళందరి వాకిళ్ళలోకీ తొంగిచూసిన మనిషిని, నా వాకిలి మర్చిపోయాను. ఆ పిల్లాడి మీద కాస్త చిరాకు వేసింది కూడా. నిజం అడిగిన వాళ్ళ మీద ఎవరికైనా మొదట వచ్చేది చిరాకే.

వెళ్ళబోతుంటే ఆపాడు. వాళ్ళ రూములో ఒక రూలు ఉండేదట. ఎవరి నంబరు వాళ్ళు చూసుకోకూడదు. సొంత నంబరు వెతికేటప్పుడు కళ్ళు తిరుగుతాయి, ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది, ఒకసారి ఒకతను అట్లాగే పక్క నంబరు చూసి స్వీట్లు కూడా పంచాడట. అందుకని హాల్ టికెట్ నంబర్లు మార్చుకుంటారు. ఒకరిది ఒకరు చూస్తారు.

"ఉంటే ఫోన్ చేస్తం మేడమ్. లేకుంటే ఫోన్ చెయ్యొద్దు, మనిషే పోవాలె. అది రూలు" అన్నాడు. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, తనతో నంబరు మార్చుకునే దోస్తు ఊరికి పోయిండు, మీరు నాది చూస్తరా అని అడిగాడు.

చూస్తానన్నాను. నా నంబరు అతని ఫోన్లోకి, అతని నంబరు నా ఫోన్లోకి ఎక్కాయి. ఇద్దరం గ్రూపులోకి కూడా వెళ్ళి సంగతి సరిచేద్దామనుకున్నాం. ఆ ఆకుపచ్చ చీర మనిషిని నేనే, యూనివర్సిటీకీ నాకూ ఏ సంబంధం లేదు, కోపంలో అన్న మాట అది అని రాశాను. "అన్న ఫుల్ కామెడీ" అన్నారు. చీర కట్టుకున్న అన్నను ఎవరూ నమ్మలేదు. పుకారు మాత్రం నిక్షేపంలా బతికే ఉంది.

శనివారం దాకా ఆగలేదు. మర్నాడే ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి, పిహెచ్.డి.కి రాసిన సంగతి చెప్పి, ఆ పోస్టు నాకు వద్దండి అన్నాను. ఆయన నెమ్మదస్తుడు. ఫలితం ఇంకా రాలేదు కదమ్మా, రాకపోతే ఏం చేస్తారన్నారు.

"రాకపోతే మళ్ళీ రాస్తానండి. ఈ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ రాయలేను."

ఇంట్లో మావారు విని, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఏడిపించారు. సాయంత్రానికి మాత్రం భోజనాల బల్ల మీద సగం ఖాళీ చేసి, తన మందుల డబ్బా, పాత పత్రికలు తీసేసి, ఇటు వైపు నీది అన్నారు. బల్ల దగ్గర నా పక్కన దీపం కూడా అమర్చారు.

రూలు ఒప్పుకున్నాక ఎదురుచూపు తీరు మారింది. నేను చూడకూడదు కాబట్టి సైటు తెరిచే పని లేదు. వేళ్ళు జిలపెట్టేవి. అయినా ఫోను స్టాఫ్‌రూమ్ సొరుగులో పెట్టి తాళం వేసి క్లాసుకు వెళ్ళేదాన్ని. ఫోను మోగితే సీటు. మోగకపోతే ఇంకా లిస్టు రానట్టు. మూడోదాని గురించి ఆలోచించకుండా రోజులు నెట్టుకొచ్చాను. చిన్నావిడ వైస్ ప్రిన్సిపాల్ అయింది. ఆవిడ కుర్చీ మార్చే రోజున అందరం కలిసి సమోసాలు తిన్నాం. సమోసా బాగానే ఉంది కానీ నాకు మింగుడు పడటానికి కాస్త టైము పట్టింది.

ఒక మధ్యాహ్నం ఆఖరి పీరియడ్ అయ్యాక సొరుగు తీశాను. ఫోను మోగలేదు, మోగిన గుర్తూ లేదు. సంచీ తగిలించుకుని గేటు దాటాను. ఎదురుగా రోడ్డుకు అవతల, మెట్రో స్తంభం నీడలో, బ్యాగు గుండెకు అదుముకుని అతను నిలబడి ఉన్నాడు. చెయ్యి సగం ఎత్తి, మళ్ళీ దించేశాడు.

రోడ్డు దాటేలోపలే నాకు అర్థమైపోయింది. బస్సొకటి అడ్డం వచ్చి ఆగింది, అది కదిలేదాకా నిలబడ్డాను. కదలకపోయినా బాగుండునని అనిపించింది. దగ్గరికి వెళ్ళాక అతను నా మొహం చూడకుండా అన్నాడు.

"రెండుసార్లు చూసిన మేడమ్. మళ్ళ ఇంకొకర్తోని గూడ చూపిచ్చిన."

ఏడ్చాను. నారాయణగూడ సెంటర్లో, నా స్టూడెంట్లు పానీపూరీ తింటూ ఉండగా, స్తంభం వైపు తిరిగి ఏడ్చాను. ఎక్కువసేపు కాదు. అతను నాకూ రోడ్డుకూ మధ్య అడ్డంగా నిలబడి బస్సుల నంబర్లు చదువుతున్నట్టు నటించాడు. ఆ తర్వాత, అదీ వాళ్ళ రూము రూలేననుకుంటాను, చాయ్ ఇప్పించాడు.

ఏజ్ సంగతేనా అని అడిగాను. కాదన్నాడు, ఇబ్బందిగానే. హిస్టరీ లిస్టులో ఒక రిటైర్డ్ సారు నంబరు ఉందట, ఆయనే గ్రూపులో పెట్టుకున్నాడట. నాకు తెలుసు ఆయన. ఇంటర్వ్యూ రోజున వరండాలో నా ఎదురుగా కూర్చున్న నెరిసిన జుట్టాయన, నాకంటే బాగా పెద్ద. అంటే పుకారు పూర్తిగా అబద్ధం. నలభై దాటిన వాళ్ళని తీసుకున్నారు, నన్ను తీసుకోలేదు.

ఇంటికి నడుస్తూ ఆ ఇంటర్వ్యూను మళ్ళీ మొదటి నుంచీ తలచుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయిన మనసు, ఈసారి ముందుకు నడిచింది. ఆయన తర్వాత పక్కనున్నావిడ ఒక ప్రశ్న అడిగింది. నీళ్ళ కనెక్షన్ల పాత రికార్డులు ఎక్కడున్నాయి, మీరు చూశారా అని. చూస్తానండి అన్నాను. ఒక్కటైనా చూశారా అని మళ్ళీ అడిగింది. సీటు వచ్చాక చూస్తానన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. ఆ గదిలో నన్ను అడిగిన అసలు ప్రశ్న అది. దానికి నా దగ్గర జవాబు లేదు కాబట్టే ముందు అడిగిన పిచ్చి ప్రశ్న మీద అంత మండిపడ్డాను. నీళ్ళ చరిత్ర రాస్తానని వెళ్ళినదాన్ని, ఒక్క చెంబైనా నింపుకుని వెళ్ళలేదు.

ఇంట్లో అంతా చెప్పాను, ఆ రికార్డుల ప్రశ్నతో సహా. మావారు బల్ల మీద నా సగాన్ని మళ్ళీ ఆక్రమించలేదు, అంతకంటే ఏమీ అనక్కర్లేదు. అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విని, మళ్ళీ ఎప్పుడు రాస్తావు అని మాత్రం అడిగారు. వచ్చే ఏడన్నాను. అయితే రేపు మీ కాలేజీకి సెలవే కదా, బయల్దేరు అన్నారు. ఎక్కడికని అడగలేదు నేను. మర్నాడు పాత రికార్డులుండే ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ లోపలికి పోనివ్వడానికి ఉత్తరం కావాలన్నారు, ఉత్తరం తీసుకెళ్ళాను. ఆ ఉత్తరం చాలదన్నారు, చాలేది తీసుకెళ్ళాను. మూడోసారికి ముషీరాబాద్ వైపు పేటల కాగితాల కట్ట ఒకటి నా ముందు పెట్టారు. దుమ్ముకు తుమ్ములు ఆగలేదు. అయినా ఆ రోజు నేను సాయంత్రం వాళ్ళు తాళాలు తీసుకుని వచ్చి నిలబడేదాకా లేవలేదు.

ఎకనామిక్స్ లిస్టు ఆ తర్వాత కొన్ని రోజులకు వచ్చింది. గ్రూపులో గోల చూసి తెలిసింది. సైటు తెరిచాను. సొంత నంబరైతే కళ్ళు తిరుగుతాయని అతను చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, పరాయి నంబరైతే తిరగవనేది మాత్రం అబద్ధం. ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చదివాను. లేకపోతే అశోక్‌నగర్ దాకా నడవాలి, హాస్టల్ మెట్లెక్కాలి, ఏమని చెప్పాలి అని ఒక పక్క అనుకుంటూనే చదివాను. రెండో పేజీలో కింద ఉంది. మళ్ళీ చూశాను. అత్తగారికి కళ్ళజోడు పెట్టి ఆవిడ చేత అంకెలు చదివించాను. ఒక్కో అంకే పైకి చదివి, ఉందే అమ్మాయ్ అన్నారు.

ఫోన్ చేశాను. మొదటి రింగుకే తీశాడు కానీ హలో అనలేదు. వెనకాల అశోక్‌నగర్ రోడ్డు మీద ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి.

"ఫోనేనా మేడమ్?" అన్నాడు చివరికి. "మీరు హాస్టల్ కింద లేరు కద?"

"లేను నాయనా. ఇంట్లో ఉన్నాను. ఫోనే" అన్నాను.

అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. తేరుకున్నాక వచ్చేసారి మీ నంబరు నాకే ఇయ్యాలె మేడమ్, ఇంకెవ్వరికి ఇయ్యొద్దు అన్నాడు. ఇస్తాను కానీ, మా కాలేజీ గేటు దగ్గర మళ్ళీ కనిపించావంటే ఊరుకోనన్నాను.